శుక్రవారం లేచిన చెయ్యి

పదకొండుకి పిలుస్తామన్నారు. గోడగడియారంలో పదకొండు దాటి పది నిమిషాలైంది. బందరు లేబర్ ఆఫీసు వరండాలో బల్ల మీద ముందు నాన్నకి ఎడమ పక్కన కూర్చున్నాను, మళ్ళీ లేచి కుడి పక్కకి మారాను. ఆ చెయ్యి వైపు ఎప్పుడూ ఎవరో ఒకరం ఉండాలి. లేకపోతే వచ్చేపోయేవాళ్ళు తగులుతారు, తగిలినట్టు నాన్నకి తెలియదు. కిందటి నెలలో అమ్మ అన్నం వార్చి దించిన గిన్నెకి మోచెయ్యి ఆనించి కూర్చుని నాతో ఏదో చెబుతూనే ఉన్నాడు, బొబ్బ లేచిన సంగతి ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు, అమ్మ చూసి కేక పెట్టింది. భుజం నుంచి మణికట్టు దాకా ఆ చెయ్యి ఆయనది కానట్టే. వేళ్ళు మాత్రం కొంచెం ముడుస్తాడు. ఆ వేళ్ళని ఇప్పుడు ప్యాంటు జేబులోకి దూర్చి పెట్టుకున్నాడు, చెయ్యి వేలాడకుండా. చూసేవాళ్ళకి జేబులో చెయ్యి పెట్టుకుని కులాసాగా కూర్చున్న మనిషిలా ఉంటాడు. మెడకి కట్టుకునే పట్టీ కట్టుకోనన్నాడు. పొద్దున అమ్మ దాన్ని మడిచి నా సంచిలో పెట్టి, "నువ్వన్నా చెప్పవే ప్రియా, కట్టుకోమని" అని మెల్లగా అంది. నేను చెప్పలేదు. అమ్మ రొయ్యల షెడ్డుకి వెళ్ళిపోయింది. నాన్న చొక్కా గుండీలు నేను పెట్టాను. ఆయన గడ్డం పైకెత్తి, చిన్నపిల్లాడిలా నిలబడి, బయట కాకులకేసి చూశాడు.

మా వకీలు ఉమాదేవి గారు నల్లకోటు చేతికి వేసుకుని ఇందాకే వచ్చారు. రాగానే మొదటి మాట అదే. "పట్టీ ఏదండీ?"

"తీసేశానమ్మా."

"అదేంటి, ఎందుకు?"

"విశ్వాసం ఉన్నోడు పట్టీ కట్టుకుని తిరుగుతాడా అమ్మా."

ఆవిడ నుదురు రుద్దుకున్నారు. "దైవాధీనం గారూ, మీ విశ్వాసం జోలికి నేను రాను. మా అత్తగారు వారానికి మూడు రోజులు ఉపవాసం ఉంటారు, నేనేమన్నా అంటున్నానా? కానీ లోపల ఆ వీడియో వేస్తారు. చెయ్యి లేచిందా అని అడుగుతారు. లేవలేదండీ, ఆ ఊపులో లేచినట్టు అనిపించింది అని చెప్పండి. అంతే."

"లేచింది కదమ్మా."

"సరే, లేచింది. ఎత్తినాయనే మళ్ళీ దించేశాడని చెప్పండి, పోనీ."

నాన్న నవ్వాడు. "ఆయన ఇచ్చింది వెనక్కి తీసుకోడమ్మా. నాకే ఇంకా విశ్వాసం చాల్లేదు."

ఆవిడ నాన్నతో పని లేదనుకున్నట్టు నా వైపు తిరిగారు. "పాపా, నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావుగా? నువ్వేం చూశావు?"

నేను లోపలి గదిలో ఉన్నానండీ అన్నాను. అది నిజమే. నిజమే కాబట్టి గొంతు తడబడకుండా వచ్చింది. ఆవిడ "హుఁ" అని ఫైలు తీసుకుని లోపలికి వెళ్ళారు. లోపలి గదిలో ఉన్నాను, నిజమే, లోపలి గదిలోనే ఉన్నాను, అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. పక్క బల్ల మీద ఒక ముసలాయన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది, తిరిగినప్పుడల్లా ఒకచోట కిర్రుమంటోంది. ఫ్యాను ఉంటే గాలి వస్తుంది, గాలి వస్తే కర్టెన్ ఊగుతుంది. ఆ రోజు కరెంటు లేదు.

వద్దు, ఆ రోజు గురించి ఇప్పుడు వద్దు. ఐస్ ఫ్యాక్టరీ గురించి అనుకుంటాను. బంటుమిల్లి రోడ్డులో మా ఊరికి రెండు కిలోమీటర్లు. రొయ్యల చెరువులకీ, బోట్లకీ అక్కడి నుంచే ఐసు పోతుంది. నాన్న పద్నాలుగేళ్ళు అక్కడే పనిచేశాడు. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు సెలవుల్లో నేనే క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. లోపల నేలంతా చెక్క మూతలు, వాటి కింద ఉప్పునీళ్ళ తొట్టి, తొట్టిలో వరసగా ఇనప డబ్బాలు, డబ్బాల్లో ఐసు తయారవుతూ ఉండేది. చెప్పులు విప్పి ఆ చెక్కల మీద నడిస్తే అరికాళ్ళు జివ్వుమనేవి. నాన్న గొలుసు లాగితే డబ్బాల వరస మొత్తం గాల్లోకి లేచేది. దాన్ని మామూలు నీళ్ళ గుంటలో ఒక్కసారి ముంచి వంచేవాడు, నాకంటే పొడుగైన దిమ్మలు సర్రున జారి వచ్చేవి. కొక్కెం గుచ్చి ఒక్క చేత్తో, ఆ కుడి చేత్తోనే, దిమ్మని తలుపు దాకా లాగేవాడు, చేపని ఒడ్డుకి లాగినట్టు. నా పుట్టినరోజుకి ఒకసారి చిన్న డబ్బాలో నీళ్ళు పోసి అందులో మందారపువ్వు వేసి గడ్డ కట్టించి, వరిగడ్డిలో చుట్టి సైకిలు మీద తెచ్చాడు. పువ్వు లోపల రేకులు విప్పుకుని ఉంది. నేను దాన్ని పళ్ళెంలో పెట్టుకుని కరిగేదాకా పక్కనే కూర్చున్నాను. బళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెప్తే నమ్మరని కాదు, నాకు చెప్పడం రాదు. మాస్టారు అడిగిన ప్రశ్నకి జవాబు తెలిసినా నేను ఎప్పుడూ చెయ్యెత్తేదాన్ని కాదు. పక్కమ్మాయి ఎత్తి తప్పు చెప్పేది, నేను నోట్సు చివరి పేజీలో ఒప్పు రాసుకునేదాన్ని.

కిందటి జూన్‌లో ఆ గొలుసు తెగింది. డబ్బాల వరస ఊగి వచ్చి నాన్న మెడకీ భుజానికీ మధ్య కొట్టింది. గొలుసు మార్చాలని అంతకు ముందు రెండుసార్లు చెప్పానంటాడు నాన్న, కానీ చెప్పింది నోటితో. కాగితం మీద రాసి ఇవ్వాలని మాకెవరికి తెలుసు. ఎముక విరగలేదని అమ్మ దేవునికి వందనాలు చెప్పింది. విజయవాడలో పెద్ద డాక్టరు గారు మాత్రం తల ఊపారు, మొక్కని పట్టి గుంజితే కొన్ని వేళ్ళు తెగి కొన్ని మిగులుతాయే, ఈయన భుజంలో నరాలు అట్లా అయ్యాయమ్మా అన్నారు. పనిలో ఉండగా తగిలిన దెబ్బ కాబట్టి కంపెనీయే నష్టపరిహారం ఇవ్వాలని ఉమాదేవి గారు ఇక్కడ కేసు వేశారు. చెయ్యి ఎంత పోయిందో ఈ ఆఫీసరు తేల్చాలి. తేలేదాకా కంపెనీ నెలనెలా కొంత ఇస్తూ, గుడివాడలో వైద్యానికి కార్డు నడుపుతూ ఉండాలి. నడిపారు కూడా, ఆ వీడియో దాకా.

మెట్ల దగ్గర చెప్పుల చప్పుడు. పిచ్చేశ్వరరావు గారు, ఫ్యాక్టరీ మేనేజరు, ఆయన వెనక బ్యాగు పట్టుకుని కంపెనీ వకీలు. నాన్న గబుక్కున లేచి నిలబడ్డాడు. నాకు ఏదోలా అనిపించింది. తీసేసిన ఉద్యోగానికి లేచి నిలబడడం ఏమిటి.

"ఏం దైవాధీనం, టిఫిన్ అయిందా?"

"అయిందండీ, పొద్దున్నే తిని బయల్దేరాం."

"కూర్చో కూర్చో. పాపేనా? ఎంత ఎదిగిపోయింది! ఏం చదువుతున్నావమ్మా?"

"ఇంటర్ ఫస్టియరండీ" అని నా బదులు నాన్న చెప్పాడు. "మాట్లాడదండీ ఇది. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయ్."

"మా ఇంట్లో ఉన్నదానికి రెండు నిమిషాలు నోరు మూతపడదు. మార్చుకుందామా?" అని ఆయన నవ్వారు, నాన్న కూడా నవ్వాడు, నిజంగానే నవ్వాడు. ఆయన వెళ్ళి మూడు కాగితం కప్పుల్లో టీ పట్టుకొచ్చారు. ఒకటి నాన్నకి అందించారు, కుడి చేతి వైపు. అందించి అట్లాగే పట్టుకుని ఉన్నారు, ఒక క్షణం, ఇంకో క్షణం. అలవాటు కొద్దీ అటువైపు చాపారో, ఆ చెయ్యి జేబులోంచి వస్తుందేమో చూడాలనుకున్నారో నాకు తెలియలేదు. నేను లేచి కప్పు తీసుకుని నాన్న ఎడమ చేతిలో పెట్టాను.

"నా మీద మనసులో ఏం పెట్టుకోకు దైవాధీనం. భుజంగరావు గారు చెప్పింది టైపు కొట్టించి సంతకం పెట్టేవాణ్ణే నేను. ఓనరు మాట."

"అయ్యో, మీరేం చేస్తారండీ. ఆస్పత్రికి వచ్చి బత్తాయిలిచ్చిన మనిషి మీరు."

ఆయన టీ తాగకుండానే కప్పు కిటికీలో పెట్టి వకీలు వైపు వెళ్ళిపోయారు. నాన్న మాత్రం చివరి చుక్క దాకా తాగాడు.

ఈ మనిషి, ఇప్పుడు నవ్వుతున్న ఈ మనిషి, కార్తీకం చలిలో గోడకేసి తిరిగి పడుకునేవాడు. అన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని చాలనేవాడు. గడ్డం పెరిగిపోయింది. ఒకరోజు బాబ్జీ మావయ్య చూడడానికి వచ్చాడు, నాన్నతో పాటు ఐసు లాగిన మనిషి. నాన్న అటక మీద నుంచి తన కొక్కెం దింపించి, "నువ్వే ఉంచుకోరా, మంచి ఇనుము" అన్నాడు. ఆ వారమే సైకిలు శ్యాంబాబుకి ఇచ్చేయమన్నాడు, మా మందిరం పాస్టరు అయ్యగారి అల్లుడికి. తన పెళ్ళి గడియారం బాగుచేయించి నన్ను పెట్టుకోమన్నాడు. నేను మంచితనం అనుకున్నాను. అమ్మ మాత్రం రొయ్యల షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, "నాన్నని కంటికి దూరంగా ఉంచకు" అంది. ఎందుకు అని నేను అడగలేదు. అమ్మ చేతులకి రొయ్యల వాసన, ఆ చేతులు నా భుజాన్ని వదలకపోవడం, నాకు అర్థమైంది. అప్పటి నుంచి నాన్న పెరట్లోకి వెళ్తే నేను గిన్నెలు తోమేదాన్ని, కాలవ గట్టుకి వెళ్తే నేను పుస్తకం పట్టుకుని వెనకాలే వెళ్ళేదాన్ని. "చదువుకోడానికి ఇక్కడ వెలుతురు బాగుంది నాన్నా" అనేదాన్ని. కాలవలో గుర్రపుడెక్క కదులుతూ ఉండేది, మెల్లగా, ఒకే వైపు.

అప్పుడు అమ్మ మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టించింది. శుక్రవారం మధ్యాహ్నం. ముందు గదిలో చాపల మీద ఇరవై మంది. శామ్యూల్ రాజ్ అయ్యగారు వాక్యం చెప్పారు. శ్యాంబాబు తన ఫోను కిటికీలో నిలబెట్టి మందిరం ఛానెల్ కోసం వీడియో పెట్టాడు. కరెంటు లేదు. అందరి మెడలూ చెమటతో మెరుస్తున్నాయి. నేను లోపలి గదిలో ఉన్నాను, ఉపవాసం విడిచేవాళ్ళ కోసం గ్లాసుల్లో నిమ్మరసం పోస్తూ. మనుషుల మధ్య కూర్చోవాలంటే నాకు ఏదో ఒక పని కావాలి. ముందు గదికీ లోపలి గదికీ మధ్య గుమ్మానికి అమ్మ పాత నీలం చీర కర్టెన్‌లా కట్టి ఉంటుంది. దానికి వీపు పెట్టి నాన్న నిలబడ్డాడు, సరిగ్గా నా ముందు. చివరి ప్రార్థనలో అయ్యగారు "కళ్ళు మూసుకుని చేతులెత్తి ప్రభువుని స్తుతించండి" అన్నారు. అందరి చేతులూ లేచాయి. కర్టెన్ సందులోంచి చూశాను. నాన్న ఎడమ చెయ్యి లేచింది. కుడి భుజం రెక్క విరిగిన కోడిలా ఎగిరెగిరి పడుతోంది. ఎత్తాలని చూస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "ప్రభువా, ప్రభువా" అంటున్నాడు, అందరి గొంతుల్లో ఆయన గొంతు ఒక్కటే నాకు వినిపిస్తోంది. ఇరవై మంది చేతులు రెండేసి పైన ఉన్నాయి, ఈయనది ఒకటి కిందికి వేలాడుతోంది. నేను గ్లాసు కింద పెట్టాను. తర్వాత ఏం అనుకుని చేశానో ఇప్పటికీ చెప్పలేను. బహుశా ఏమీ అనుకోలేదు. సగం నిద్రలో లేచి పిల్లల మీద దుప్పటి కప్పినట్టు చేశాను. కర్టెన్ గుడ్డతో సహా ఒక చెయ్యి ఆయన మోచేతి కింద పెట్టాను, ఇంకోటి ముంజేతి వెనక ఆనించాను, మెల్లగా పైకి ఎత్తాను. ఐసు దిమ్మలు లాగిన చెయ్యి ఇంత తేలికగా ఉందేమిటి అనుకున్నాను. ప్రార్థన అయ్యేదాకా పట్టుకుందాం, ఆమెన్ అనేలోపు దించేద్దాం అనుకున్నాను, అది మాత్రం గుర్తుంది. కానీ ఆమెన్ కంటే ముందు సత్యవతమ్మ మామ్మ కళ్ళు తెరిచింది.

"లేచిందయ్యో! ఒరే దైవాధీనం, నీ చెయ్యి లేచిందిరా!"

అందరూ కళ్ళు తెరిచారు. నాన్న కూడా తెరిచి చూసుకున్నాడు. ఆయన మొహం నాకు కనిపించలేదు, వీపే కనిపించింది. అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. నేను వదిలేస్తే ఆ చెయ్యి అందరి ముందూ ధభీమని పడుతుంది. వదలకపోతే? వదల్లేదు. నా చేతులు వణికేదాకా పట్టుకుని, తర్వాత ఆయన తనే దించుకున్నట్టు అంగుళం అంగుళం దించి, కర్టెన్ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. నిమ్మరసం గ్లాసులు అమ్మే పంచింది. మామ్మ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "కర్టెన్ చూశారా? కరెంటు లేదు, ఆకు కదలడం లేదు, అదెట్టా ఊగింది? ఆత్మ గాలి కాకపోతే ఏందది?" అంది. ఆ పూట నాన్న రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. గోంగూర ఇంకాస్త వెయ్యమన్నాడు. మర్నాడు గడ్డం గీయించుకున్నాడు. బాబ్జీ మావయ్యకి ఫోను చేసి, "నా కొక్కెం నాకు తెచ్చియ్యరా, పనికొస్తున్నా" అన్నాడు. అప్పుడు చెప్పాలా నేను? శనివారం చెప్పాలనుకున్నాను, గడ్డం లేని ఆ మొహం చూశాను, చెప్పలేదు. ఆదివారం మందిరంలో లేచి నిలబడి, ఆయన తన నోటితోనే, నా చెయ్యి చచ్చిపోయింది, శుక్రవారం లేచింది, నేను కళ్ళారా చూశాను అని సాక్ష్యం చెప్పాడు. అప్పుడు ఇంక ఎట్లా చెప్తాను.

రోజూ రాసుకునే పుస్తకంలో ఆ రోజు పేజీలో ఒకే ఒక్క ముక్క ఉంది. నాన్న చెయ్యి లేచింది. ఎవరు ఎత్తారో రాయలేదు. ఎవరికీ చూపించని పుస్తకం, అందులో కూడా రాయలేదు. రాస్తే అక్షరాల్లో ఉంటుంది, ఎప్పటికైనా నాన్న చదువుతాడు అనుకున్నాను కాబోలు.

ఇంకొకటి కూడా ఉంది. వీడియో ఛానెల్లో వచ్చిన రోజు నాన్న నా పక్కన కూర్చుని, "మేనేజరు గారికి పంపమ్మా, సంతోషిస్తాడు" అన్నాడు. నేనే పంపాను. నాన్న చెప్తుంటే కింద నేనే టైపు చేశాను. దేవునికి స్తోత్రం సార్, నా చెయ్యి లేచింది, త్వరలో డ్యూటీకి వస్తాను. పిచ్చేశ్వరరావు గారు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నాన్న ఆ బొమ్మని మూడుసార్లు చూపించమన్నాడు. రెండు వారాలకి రిజిస్టర్డు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నేను చదివి తెలుగులో చెబుతున్నాను. స్వస్థత పొందినట్టు తమరే బహిరంగంగా ప్రకటించి, విధులకు హాజరు కానందున, అని చెప్పి ఆగిపోయాను.

"నిజమే రాశారుగా" అన్నాడు నాన్న. "పనికి రమ్మంటున్నారా?"

"లేదు నాన్నా. తీసేశామంటున్నారు."

"ఎందుకు? బాగైతే తీసేస్తారా?"

ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. మంచి కబురు చెప్తే ఇట్లా ఎందుకైందో ఇప్పటికీ అర్థం కాలేదు. ఉత్తరంతో పాటు కార్డు ఆగిపోయింది. వారానికి రెండుసార్లు గుడివాడ వెళ్ళేవాళ్ళం, అక్కడ ఫిజియోథెరపీ చేసే ఆయన నాన్న భుజానికి చిన్న చిన్న బిళ్ళలు అంటించి కరెంటు పెట్టేవాడు, కండ ఉలిక్కిపడేది. పడినప్పుడల్లా నాన్న "స్తోత్రం" అనేవాడు, ఆయన నవ్వి "మీరు స్తోత్రం చేసుకోండి, నేను స్విచ్చి నొక్కుతా, ఇద్దరం కలిసి లేపుదాం" అనేవాడు. కార్డు ఆగిన రోజు ఆయన నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. నరం అందుకునేదాకా కండని బతికించాలమ్మా, ఆపితే ఉన్నది కూడా కరిగిపోద్ది, దెబ్బ తగిలి ఏడాది దాటితే ఇంక మా చేతుల్లో ఉండదు. ఆ మాటకి ఇవాళ్టికి ఏడు వారాలు. ఏడాదికి ఇంకా మూడు నెలలుంది. కేసు తేలేదాకా ఉద్యోగంలోంచి తీసేయడం చెల్లదని, కార్డు నడపాలని ఆఫీసరు ఇవాళ రాస్తే మళ్ళీ గుడివాడ బస్సు ఎక్కుతాం. రాయకపోతే ఎక్కం. అంతే ఉంది ఇవాళ.

నేను చెప్తే ఆయన చెయ్యి బతకొచ్చు. చెప్తే ఆయన మళ్ళీ గోడకేసి తిరగొచ్చు. రెండూ ఒకే మనిషివి. నాన్న పక్కన కూర్చుని ఇది ఆలోచిస్తుంటే ఆయనకి వినిపిస్తుందేమో అనిపించింది. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి. లోపలికి వెళ్ళేముందు ప్రార్థన. ఎవరి కోసం? అడిగాను. "పిచ్చేశ్వరరావు గారి కోసం. టీ తాగలేదు చూశావా, మనసు బాగోలేదు" అన్నాడు.

పిలిచారు.

గది చిన్నది. బల్ల అవతల ఆఫీసరు గారు, కళ్ళజోడు, జలుబు చేసినట్టుంది, చేతిలో రుమాలు. కంపెనీ వకీలు ఫోను ఆయన ముందు నిలబెట్టి వీడియో పెట్టాడు. మా ముందు గది, మా చాపలు, మామ్మ గొంతు. అమ్మ ఏడుపు ఇంత గట్టిగా ఉందా. నాన్న ముందుకు వంగి తన వీడియో తను చూసుకుంటున్నాడు. ఆ రోజు వెనక నుంచి నాకు కనపడని మొహం ఫోనులో ఉంది, పక్కనే ఇప్పటి మొహం ఉంది, రెండూ ఒకేలా వెలుగుతున్నాయి.

"ఇది మీరేనా?"

"నేనేనండీ."

"చెయ్యి లేచిందా?"

ఉమాదేవి గారు గొంతు సవరించుకున్నారు. నాన్న ఆవిడ వైపు చూడలేదు. "లేచిందండీ."

"ఇప్పుడు ఎత్తండి, చూద్దాం."

నాన్న జేబులోంచి వేళ్ళు తీశాడు. చెయ్యి కిందికి జారి కుర్చీ పక్కన వేలాడింది. కళ్ళు మూసుకున్నాడు. భుజం ఎగిరింది. పడింది. మెడ నరాలు ఉబ్బాయి. నేను వెనక కుర్చీలో నా రెండు చేతుల మీద కూర్చున్నాను, వేళ్ళు నొప్పి పుట్టేదాకా. నా చేతులు వాటంతట అవే లేస్తాయని భయమేసింది.

"సార్, ఎత్తగలిగినవాడికి ఎత్తకుండా ఉండడం ఏం కష్టం?" అన్నాడు కంపెనీ వకీలు. "వీడియోలో చూశారు కదా."

"లేస్తదండీ, కొంచెం ఆగండి" అన్నాడు నాన్న. కళ్ళు తెరవలేదు. చెంపల మీద చెమటో, నీళ్ళో. "ప్రభువు తప్పేం లేదండీ. నాదే లోపం. నాదే."

ఆ మాట లేకపోతే నేను కూర్చునే ఉండేదాన్నేమో. నాదే లోపం అన్నాడు. తెలియకుండానే లేచి నిలబడ్డాను. కుర్చీ కిర్రుమంది. అందరూ చూశారు. ఏం పాపా అన్నారు ఆఫీసరు గారు. బల్ల మీదున్న ఫోనుకేసి చూపించాను. మళ్ళీ అడిగారు.

"నేనే ఎత్తానండీ."

"గట్టిగా చెప్పమ్మా."

"కర్టెన్ వెనక ఉండి నేను ఎత్తాను. నాన్నకి తెలియదు. ఆయనకి ఆ చెయ్యి తాకినా తెలియదండీ."

కంపెనీ వకీలు నవ్వాడు. "బాగా నేర్పించారు మేడమ్." ఉమాదేవి గారు ఆఫీసరు గారి వైపు తిరిగారు. "నాకూ ఇప్పుడే తెలుస్తోంది సార్" అని మాత్రం అని, ఫోను తీసుకుని ఆ ముక్క మళ్ళీ వేశారు. చెయ్యి లేస్తుంటే దాని వెనకే నీలం గుడ్డ కూడా లేస్తోంది. ఆఫీసరు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని ఇంకోసారి చూశారు. పిచ్చేశ్వరరావు గారు తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నారు. నేను ఎవరినీ చూడడం లేదు. నాన్న వీపు ఒక్కటే చూస్తున్నాను.

తర్వాత నాన్న మెల్లగా నా వైపు తిరిగాడు. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. ఏదో లెక్క తప్పిన మాస్టారిలా ఉన్నాడు.

"ఎక్కడ పట్టుకున్నావు?"

"ఇక్కడ నాన్నా. ఇక్కడా."

"ఆ రోజు పట్టుకున్నట్టు పట్టుకో. నాకు తెలుస్తుందేమో చూస్తా." ముందుకు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ఊఁ."

ఆయన వెనక నిలబడి మోచేతి కింద ఒక చెయ్యి పెట్టాను, ముంజేతి వెనక ఇంకోటి. అన్నం గిన్నె కాల్చిన మచ్చ నా అరచేతికి గరుగ్గా తగిలింది. ఆఫీసరు గారి పెన్ను కాగితం మీద కదలడం మొదలైంది. నాన్న ఊపిరి బిగపట్టి ఎదురు చూస్తున్నాడు.

"పట్టుకో ప్రియమ్మా," అన్నాడు మళ్ళీ, బతిమాలుతున్నట్టు, "భయపడకు, పట్టుకో."

నా రెండు చేతులూ అప్పటికే అక్కడ ఉన్నాయి.